పసుపు మీద ఆగిన టేపు

ప్యాకెట్ మూల చింపగానే వాసన.

వేయించిన వేరుశనగ, పాలపొడి, చక్కెర... చేతులు కడుక్కున్నా వేళ్ళని వదలని వాసన.

తొమ్మిదేళ్ళుగా ఈ ఆస్పత్రి గదిలో నేను నర్సుని. బక్కచిక్కిన పిల్లల నోటికి ఈ ముద్ద అందించి, ఎవరు చప్పరిస్తారో, ఎవరు మొహం తిప్పుకుంటారో చూస్తాను. చప్పరించిన బిడ్డ బతుకుతుంది. నేనలా నమ్ముతాను.

పెద్దది చప్పరించింది.

పెద్దదంటే ఏమంత పెద్దది కాదు — కవల చెల్లెలి కన్నా పది నిమిషాల ముందు పుట్టింది, అంతే. ఏడాదిన్నర వయసు. తూకంలో కూర్చోబెడితే ఆరు కిలోలు. జబ్బకి రంగుల టేపు చుడితే ఎరుపు — జబ్బ సన్నబడేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.

ఎరుపు వస్తే రోజుకి రెండు ప్యాకెట్ల చొప్పున ఇంటికిస్తాం.

పసుపు వస్తే... నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాం.

చెల్లెలికి పసుపు వచ్చింది.

మొదటి వారం పెద్దదాని తూకం పెరగలేదు. రెండో వారం పెరగలేదు. మూడో వారం నాకు ఒళ్ళు మండింది. తల్లి ఖాళీ ప్యాకెట్లన్నీ బుద్ధిగా తెచ్చి చూపిస్తుంది, బిడ్డ మాత్రం గ్రాము కదల్లేదు.

"ఇవన్నీ నువ్వే తింటున్నావా ఏంటి?" అన్నాను, అందరి ముందూ.

ఆమె తల వంచుకుంది.

నా నోరు మంచిది కాదు. ఇంట్లో మా ఆయనా అదే అంటాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. దొంగని పట్టుకుందామనే వెళ్ళాను.

ఒకటే గది. గుమ్మంలో ఎండ. ఆ ఎండలో తల్లి, ఒక మోకాలి మీద ఒకర్తి, ఇంకో మోకాలి మీద ఇంకొకర్తి.

ప్యాకెట్ చింపింది. వేలి కొసతో అక్కకి... చెల్లెలికి... అక్కకి... చెల్లెలికి. ఒకదానికి కాస్త ఎక్కువ పడితే రెండోదానికి సరిచేస్తూ. ఖాళీ ప్యాకెట్‌ని నిలువునా చీల్చి, లోపలి జిడ్డు కూడా వాళ్ళచేతే నాకించింది.

తన వేలు నోట్లో పెట్టుకోలేదు. ఒక్కసారి కూడా.

నాకు సిగ్గేసింది.

నన్ను చూసి ఉలిక్కిపడింది. "తిట్టకండి సిస్టరమ్మా. దీనికి పెడుతుంటే అది నోరు తెరుచుకుని చూస్తుంది. ఒక్క కడుపులో పడుకున్నవాళ్ళు. దాన్ని వదిలేసి దీనికొక్కదానికే ఎలా పెట్టను?"

"ఇది మందమ్మా, పంచేది కాదు" అని రోజుకి ఇరవైసార్లు చెప్పే నోరు నాది. ఆ పూట మాత్రం వెళ్ళి ఆమె పక్కన గుమ్మంలో కూర్చున్నాను.

చివరికి చెప్పాను. సగం సగం పెడితే ఇద్దరూ నిలబడరని. ఇలాగే ఇంకో రెండు వారాలుంటే, పెద్దదానికి చిన్న జ్వరమొచ్చినా చాలని.

ఆమె ఏడవలేదు. చెల్లెలి గౌను చెయ్యి పైకి జరిపింది.

"అయితే దీనికీ ఇంకోసారి చుట్టండి."

సంచిలోంచి టేపు తీసి చుట్టాను.

పసుపు. ఎరుపుకి ఒక్క గీత ఇవతల.

తల్లి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఈ తొమ్మిదేళ్ళలో ఆకుపచ్చ రావాలని మొక్కుకునే తల్లుల్నే చూశాను. కన్నబిడ్డకి ఎరుపు రావాలని మొక్కుకునే తల్లిని ఇప్పుడే చూస్తున్నాను.

టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. కొత్తగా చేరిన నర్సులకి నేనే నేర్పుతాను — వదులొద్దు, లాగొద్దు, లాగితే రంగు మారుతుందని.

"ఎంతొచ్చింది సిస్టరమ్మా?"

కళ్ళు తెరవలేదు ఆమె.

టేపు కొస నా వేళ్ళ మధ్యే ఉంది.

"ఉండమ్మా," అన్నాను. "ఇంకోసారి చూడనీ..."