మూడంగుళాలు అటూ ఇటూ

ఈ ఏటి తిరునాళ్ళలో కమిటీవాళ్ళు తమ పెద్ద కోటయ్యకు శాలువా కప్పుతుంటే, కాగితం చుట్టిన కానుక పట్టుకొని నేను వేదిక పక్కన నిలబడ్డాను. అబద్ధమెందుకు, ఏడాది పాటు కోపం చల్లారకుండా రోజూ ఎగదోసుకుంటూ బతికింది ఈ పూట కోసమే.

పోయిన ఏడు మా ఊరి తిరునాళ్ళలో, ఎడ్ల బండలాగుడు పోటీలో మా నాయన మాలకొండయ్య జత మూడంగుళాల తేడాతో ఓడిపోయింది. ఈల పడగానే బండ ఆగిన చోట సున్నంతో గీత గీసి, అక్కడికి టేపు పట్టి కొలుస్తారు. టేపు పట్టింది కోటయ్య. వంగబోయే ముందు ఆ సున్నాన్ని చెప్పుకాలితో వెనక్కి ఈడ్చాడు. ఫోన్లో వీడియో తీస్తున్న నేను కళ్ళారా చూశాను. గెలిచింది ఆయన అల్లుడి జత.

కమిటీ ముందు వీడియో వేస్తే దుమ్ములో ఎవరికీ ఏమీ కనపడలేదు. రెప్పపాటు పని అది. ఫోటో తీసి చూపించమన్నారు. వీడియోలోంచి ఫోటో తీసే యాప్‌లో సరిగ్గా ఆ క్షణం దగ్గర ఆపి నొక్కాను. వచ్చిన ఫోటోలో కోటయ్య రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకొని, బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టున్నాడు. అందరూ నవ్వారు.

"నా ఫోటో బాగ దిగింది వాణీ. ఫ్రేము కట్టించు," అన్నాడు కోటయ్య. తర్వాత నాయన వైపు తిరిగాడు. "ఏంది మాలకొండయ్యా, మూడంగుళాలు అటూ ఇటూ అయితే ఆడపిల్లతో నా మీద నింద ఏపిస్తావా?"

నాయన చేత మైకులో క్షమాపణ చెప్పించారు. "నా బిడ్డ తెలియక అన్నది. తప్పైపోయింది," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎడ్లను పోటీకి దింపలేదు.

నేను మార్కాపురంలో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. అయినా ఆ యాప్ నన్నెందుకు మోసం చేసిందో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా ఉండదు. సెకనుకో రెండు సెకన్లకో ఒక నిండు బొమ్మ, మధ్యలో మారిన భాగాలు మాత్రమే ఉంటాయి. మనమడిగిన క్షణాన్ని కూర్చాలంటే ఆలస్యమని, యాప్ దగ్గర్లోని నిండు బొమ్మను చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటుంది. కొంచెం అటూ ఇటూ అయితే ఏం పోయింది అనుకుంటుంది. అచ్చం కోటయ్య బుద్ధే.

నేనే ఒక చిన్న యాప్ రాసి, అడిగిన క్షణానికి ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే చోట సున్నా పెట్టాను. ఒక్కో బొమ్మే జరుపుకుంటూ వెళ్ళాను. దొరికాడు. మడమ సున్నం మీద ఉంది, చూపు పక్కకుంది. ఆ ఫోటోలో కుడిపక్క కొంత కత్తిరించి, పలకలకు చట్రాలు బిగించే అంగడిలో ఫ్రేము కట్టించాను.

"ఏందిది పాపా?" అన్నాడు కోటయ్య, వేదిక మీద కానుక అందుకుంటూ.

"నువ్వు కట్టించమన్నదే పెదనాయనా."

మైకు ముందే కాగితం విప్పాడు. పక్కనున్న కమిటీవాళ్ళు తొంగిచూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను మైకు ఆయన నోటి దగ్గరికి జరిపాను.

"పోయినేడు మా నాయన ఈడ్నే నిలబడి చెప్పినాడు. ఇప్పుడు నువ్వు చెప్పు."

"మూడంగుళాలే గదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ మాట నాలుగు స్పీకర్లలో ఊరంతా వినిపించింది. నా కడుపు చల్లబడింది.

ఇంటికొచ్చేసరికి నాయన కొట్టంలో ఎడ్లకు మేత వేస్తున్నాడు. ఫోటోలో కోటయ్య ఒక్కడే ఉన్నాడన్న కబురు నాకంటే ముందే చేరినట్టుంది. నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ ఫోటోలో నేను గూడ ఉండాల గదా. ఎందుకు కత్తిరించినావు?"

అంటే ఆ రోజు ఆయన నిజంగానే చూశాడు.

"చూసి గూడ నన్ను అబద్ధాలకోరును చేసినావా నాయనా?"

"కోటయ్యతో పెట్టుకొని ఈ ఊళ్ళో ఎట్ల బతకాల?"

నేను సంచిలోంచి రెండో ఫ్రేము తీశాను.

"నీది వేరేగా కట్టించినా."

అందులో కత్తిరింపు లేదు. కుడిపక్కన, కోటయ్య వెనక మూడడుగుల దూరంలో నాయన, ఆ చెప్పుకాలినే చూస్తూ. కొట్టంలో ఆయన పడుకునే మంచానికి ఎదురుగా మేకు కొట్టి, అంగుళం కూడా అటూ ఇటూ కాకుండా తగిలించాను.