ఐసులో చెయ్యి

తెల్లారేసరికి వరమ్మ ఆకివీడు చేపల షెడ్డులో ఐసు ముందు కూర్చునేది. పొడిచేసిన ఐసు కుడిచేత్తో ఎత్తి చేపల మీద సర్దేది. తొడుగు ఉండేది కాదు. ఆ చేతికి బలం ఉంది, తాకితే తెలుస్తుంది. చలి, వేడి, నొప్పి మాత్రం తెలియవు. చెరువు గట్టు మీద ఎవరో వెనకనుంచి మెడ మీద కర్రతో కొట్టారు. మెదడు అడుగున దెబ్బ తగిలిందనీ, ఇక ఇంతేననీ ఏలూరు డాక్టరుగారు చెప్పారు.

కొట్టిందెవరో ఆమె చూడలేదు. పోయిన భర్త వాటా చెరువు రాసివ్వనని బావగారు సుందరరావుతో చెప్పిన మర్నాడే అది జరిగింది. ఆమె తమ్ముడు హెన్రీ కొట్టగా కళ్లారా చూశానని ఆ బావగారే చెప్పడంతో హెన్రీ జైలుకెళ్లాడు.

ఐసు పని ఇప్పించింది కూడా బావగారే. చలి తెలియని చెయ్యి బాగా పనికొస్తుందిలెండి అని షెడ్డాయనతో నవ్వాడట. ఆమె పనిలో చేరిన రోజునుంచి, రోహిణీకార్తె ఎండల్లో కూడా సుందరరావు కుడిచేతికి ఉన్ని తొడుగు వేసుకుని తిరిగాడు. ఎవరూ వింతపడలేదు. పైచేలో నిలవని నీళ్లు కిందచేలోకి దిగుతాయి. దెబ్బ తిన్నవాళ్లకి తెలియని బాధ కొట్టినవాళ్లకి చేరుతుంది. కోర్టుకి మాత్రం నోటిమాట కావాలి.

పగ దేవుడికి వదిలెయ్యమని పాస్టరుగారు మెల్లగా చెప్పారు.

"నేనేం చేస్తున్నానండీ? ఐసు ఎత్తుకుంటున్నాను," అంది వరమ్మ.

బావగారు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన వాయిదాకి ముందు రోజు, ఆదివారం, ఆరాధన అయ్యాక ప్రేమవిందు. గాడిపొయ్యి మీద అన్నానికి ఎసరు మరుగుతోంది. వరమ్మ కొంగు తలమీదికి లాక్కుని, బెంచీ మీదున్న సుందరరావు వైపు తిరిగింది.

"బావగారూ, రేపు హెన్రీ పేరు చెప్పకండి."

"సంఘ పెద్దని. అబద్ధమాడమంటావా అమ్మా?"

"లేదండీ. నిజమే చెప్పండి."

మరిగే ఎసట్లో మణికట్టుదాకా కుడిచెయ్యి పెట్టింది.

సుందరరావు కేకపెట్టి బెంచీ మీదనుంచి పడ్డాడు. తియ్యమ్మా, తియ్యి తల్లీ, నేనే కొట్టాను అన్నాడు.

"ఇంకోసారి చెప్పండి బావగారూ. వెనక వరసలో ఆడవాళ్లకి వినపడలేదు."

మళ్లీ చెప్పాక, చెయ్యి తీసి కొంగుతో తుడుచుకుంది. మర్నాడు కోర్టులోనూ ఆయన అదే చెప్పాడు.

హెన్రీ ఇంటికొచ్చాడు. చెయ్యి మానడానికి చాలాకాలం పట్టింది. కట్టు విప్పగానే వరమ్మ మళ్లీ షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టింది. నేను సంపాదిస్తున్నాగా, ఇంకా ఆ పనెందుకక్కా అన్నాడు హెన్రీ. జైల్లో సుందరరావు రెండో దుప్పటి అడుగుతున్నాడని కూడా చెప్పాడు.

"అలవాటైపోయింది నాన్నా," అంది.

మర్నాడు షెడ్డులో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆమెన్ అని, కుడిచెయ్యి మోచేతిదాకా ఐసులో పెట్టింది.