త్రిభుజం గెలాక్సీ కనిపించిన సాయంత్రం

సత్తుపల్లిలో బొగ్గు గనికి దగ్గరగా ఉన్న ఆ కాలనీలో కరెంటు పోతే ఎవరూ కొవ్వొత్తి కోసం వెతుక్కోరు. ఆడవాళ్లు చేటలో బియ్యమో, ఒళ్లో గోంగూర కట్టో వేసుకుని రోజారాణి గడప ముందు చేరతారు. పొద్దుగూకితే రోజారాణి ఒంట్లోంచి వెలుగు వస్తుంది. మరీ పెద్ద వెలుగేమీ కాదు, దశమి నాటి వెన్నెలంత. నవ్విందంటే ఇంకాస్త పెరుగుతుంది.

"జరంత ఇటు జరుగు రోజా, రాళ్లు కనవడ్తలేవు" అంటారు వాళ్లు. ఆమె జరుగుతుంది. అత్త అనంతమ్మ ఆ వెలుగులోనే సూదిలో దారం ఎక్కించుకుంటుంది.

రోజారాణి భర్త ముత్యాలు ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. షిఫ్టంతా గోతిలోకి దిగుతూ ఎక్కుతూ ఉండే మనిషి కావడం వల్లనేమో, అతనికి ఆకాశం మీదికి మనసు పోయింది. మొదట ఒక చిన్న టెలిస్కోప్ తెప్పించాడు. అన్నీ వందల రెట్లు పెద్దగా కనిపిస్తాయని డబ్బా మీద రాసి ఉంది. పెద్దగా కనిపించడం నిజమే, కానీ శనిగ్రహం కాస్తా పిండి పారేసిన నిమ్మచెక్కలా ఉంది. స్టాండు కాళ్లు పుల్లల్లా ఉండి, ఊపిరి తగిలినా వణికేవి.

వైరా చెరువు కట్ట మీద ఒక సాయంత్రం ఉదయ్ భాస్కర్ పరిచయమయ్యాడు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉండే ఫిజిక్స్ లెక్చరర్. సెలవుల్లో తన టెలిస్కోప్ తెచ్చి, వచ్చేపోయేవాళ్లకు చంద్రుణ్ని చూపించడం ఆయనకు సరదా.

"ఎన్ని రెట్లు అని చూడకండి ముత్యాలు గారూ, అద్దం ఎంత వెడల్పో చూడండి. వెలుగును పట్టేది అదే. మసకగా ఉన్నదాన్ని పెద్దది చేస్తే ఇంకా పెద్ద మసక అవుతుంది, అంతే. ఇంకోటి, కింద పీఠం కదలకూడదు" అని చెప్పాడు.

ఆ మాట పట్టుకుని ముత్యాలు ఎనిమిది అంగుళాల అద్దం ఉన్నది కొన్నాడు. మనిషి ఛాతీ ఎత్తు గొట్టం, కింద చెక్కపెట్టెలాంటి పీఠం, ఫిరంగిలా ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. డాబా మీద పెట్టిన మొదటి రోజే శని ఉంగరంతో సహా గీసినట్టు కనిపించింది. "ఓ రోజా, జల్దీ రా!" అని కేకేశాడు. రోజారాణి కన్ను ఆనించి చూసి చిన్నపిల్లలా నవ్వింది. డాబా అంతా తెల్లబడింది. ఆ వెలుగులోనూ శని చక్కగానే ఉన్నాడు. గ్రహాలకూ చంద్రుడికీ పక్కన వెలుగున్నా వచ్చే నష్టం లేదు.

ముత్యాలు అక్కడితో ఆగలేదు. గెలాక్సీలు చూడాలనుకున్నాడు. అందులోనూ త్రిభుజం గెలాక్సీ. దాని వెలుగు ఆకాశంలో పాలు ఒలికి తుడిచినంత పలచన. చుట్టూ కాస్త తెల్లబడితే చాలు, కరిగిపోతుంది. కన్ను పెట్టి చూసే ఐపీస్ మార్చి, ఆకాశాన్ని ఇంకా వెడల్పుగా చూపించేది పెట్టాడు. గొట్టం లోపల నల్ల కాగితం అంటించాడు. పరాయి వెలుగును ఆపే ఫిల్టర్ తెప్పించాడు. ఏది మార్చినా అదే బూడిదరంగు. గని ఫ్లడ్‌లైట్లు పడమటి ఆకాశాన్నంతా వెలిగిస్తూనే ఉన్నాయి, బొగ్గుదుమ్ము అద్దం మీదికి దిగుతూనే ఉంది. ఆ లైట్ల కిందే అతని కొలువు. కోపం మాత్రం దగ్గరగా ఉన్న మనిషి మీదికి పోయింది.

"నువ్వు కిందికి పో" అన్నాడు ఒకనాడు. తర్వాత, "మెట్ల మీద కూడా కూసోకు, వెలుగొస్తున్నది." ఆ తర్వాత, "కిటికీకి చెద్దరు కట్టు."

"ఏందిరా, అది నీకేం అడ్డమొచ్చింది?" అంది అనంతమ్మ.

"నీకు తెల్వదు, ఊకో అమ్మా."

రోజారాణి చెద్దరు కట్టింది. లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది. గడప ముందు ఆడవాళ్లు కొన్నాళ్లు చూసి, రావడం మానేశారు.

కార్తీకం చివర, చంద్రుడు లేని రోజుల్లో, ఉదయ్ భాస్కర్ తన మిత్రులందరినీ వనభోజనాలకు పిలిచాడు. భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట, ఒక తండా పక్క బీడులో. పగలు భోజనాలు, చీకటి పడగానే టెలిస్కోపులు. ఆయన భార్య పద్మప్రియ ఫోన్ చేసి, "రోజారాణి గారూ, మీరూ తప్పకుండా రావాలి" అంది. ఆ మాటకు కాదనలేక ముత్యాలు ఆమెను తీసుకెళ్లాడు. షిఫ్టు వల్ల వాళ్లు చేరేసరికే పొద్దు వాలింది. దారిలోనే ఆమె ఒంటినిండా చెద్దరు కప్పించాడు.

"కారులనే కూసో. చెద్దరు తియ్యకు."

చీకటి పడింది. అందరి కళ్లూ దానికి అలవాటు పడ్డాయి. ముత్యాలు గొట్టం తిప్పి తిప్పి త్రిభుజం ఉండే చోటు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే రోజారాణి, అతను మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదని, పులిహోర డబ్బా పట్టుకుని వచ్చింది. చెద్దరు భుజం మీంచి జారింది. బీడంతా వెన్నెల పరుచుకుంది.

"లైటు! ఎవరండీ అది? లైటు!" అని అరిచారు ఎవరో.

"ఎవరు ముత్యాలు గారూ? మీకు తెలిసినావిడా?" అడిగాడు ఉదయ్ భాస్కర్.

"ఎవరో తండా ఆమె సార్. నేను పంపిస్త" అన్నాడు ముత్యాలు.

రోజారాణి డబ్బాను నేల మీద పెట్టింది. ఆమె వెలుగు ఇసుకలోకి నీళ్లు ఇంకినట్టు మెల్లగా లోపలికి ఇంకిపోయింది. వెనక్కి తిరిగి చీకట్లోకి నడిచింది.

"అబ్బ, ఇప్పుడు బాగుంది" అన్నారు ఎవరో.

ముత్యాలు కన్ను ఆనించాడు. త్రిభుజం గెలాక్సీ ఉంది. సుడి తిరిగిన దాని చేతులు కూడా తెలుస్తున్నాయి. అతను అంతకాలం కోరుకున్నది అదే. కానీ చెవులు కాలిపోతున్నాయి, కన్ను నిలవడం లేదు. పక్కకు తప్పుకుంటే మిగతావాళ్లు వరసగా వచ్చి చూశారు. "ఏ ఐపీస్ వాడుతున్నారు?" అని అడిగారు. చెప్పాడు. ఫిల్టర్ గురించి అడిగారు. అదీ చెప్పాడు. అందరూ చూడటం అయ్యేదాకా ఆమె వెనక ఒక్క అడుగు కూడా వేయలేదు.

తర్వాత కారు దగ్గరికి వెళ్తే ఆమె లేదు. చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా వాడే ఎర్ర టార్చి తన కాళ్ల దాకా కూడా సరిగా చూపడం లేదు. "రోజా!" అని పిలిచాడు. వెనక్కి వచ్చి ఉదయ్ భాస్కర్ ముందు తల వంచుకున్నాడు.

"సార్, కార్ల లైట్లు ఎయ్యాలె. ఇందాక వచ్చినామె నా భార్య."

పద్మప్రియ అతని వైపు చూసింది. "రోజారాణి గారా?" అని మాత్రం అంది.

అందరూ హెడ్‌లైట్లు వేశారు. ఆకాశం మాయమైంది. ఒక్కరూ విసుక్కోలేదు. వాళ్లు విసుక్కుని ఉంటే ముత్యాలుకు అంత సిగ్గు వేసేది కాదు.

ఆమె తండాలో దొరికింది. సక్రి అనే పెద్దామె వాకిట్లో ఆడవాళ్లు మోదుగాకులతో విస్తర్లు కుడుతున్నారు. వాళ్ల మధ్య కూర్చుని ఉంది. అక్కడ కరెంటు ఉన్నా లేనట్టే. పగలు పొలం పనులకూ అడవికీ పోయే వాళ్లకు విస్తర్లు కుట్టే తీరికే ఉండదు. ఇప్పుడు వాకిలి నిండా పని సాగుతోంది. రోజారాణి మీద అంత వెలుగు ముత్యాలు ఎన్నడూ చూడలేదు.

"ఇంటికి పోదాం రోజా."

ఆమె తల ఎత్తలేదు. "నువ్వు పో. ఈడ నన్నెవరు లోపలికి పొమ్మంటలేరు."

ఇంట్లో అనంతమ్మ "కోడలేది?" అని అడిగితే ముత్యాలు నేరుగా డాబా ఎక్కాడు. ఇల్లంతా చీకటి. గొట్టం తిప్పి కన్ను ఆనించాడు. ఎప్పటి బూడిదరంగే. త్రిభుజం లేదు. చాలాసేపు చూశాడు. ఈ డాబా మీద ఆమె దానికి ఏనాడూ అడ్డం కాలేదని అప్పుడు తెలిసింది. మెట్ల మీదే కూలబడి మొహం కప్పుకున్నాడు.

కొన్ని వారాలకు, సెలవు దొరకగానే తండాకు పోయాడు. సాయంత్రం, అందరి ముందూ చెప్పాడు.

"ఆ రోజు నిన్ను ఎవరో అని చెప్పిన."

"చెవులార ఇన్న" అంది రోజారాణి.

"ఇంటికి రా అని అడిగే మొహం లేదు నాకు."

"నేను రాను. వీళ్లతోటి పని మొదలువెట్టిన, భద్రాచలంల గుడోళ్లు మా ఇస్తర్లు వాడతమని ఒప్పుకున్నరు. అత్తమ్మను తీస్కరా, ఉంటనంటే ఉంచుకుంట. నీకు రాబుద్దైతే నువ్వు గూడ రా."

ముత్యాలు చెప్పులు విడిచి వాకిలి చివర, చీకట్లో కూర్చున్నాడు. ఒక ఆకు తీసుకుని పుల్ల గుచ్చబోతే చీలిపోయింది. సక్రి చూసింది.

"గా చీకట్ల కూసుంటే ఆకెట్ల కనవడ్తదయ్యా? ముందుకు రా."

అతను జరిగాడు. వెలుగు నేరుగా అతని మొహం మీద పడింది. అందరూ చూస్తున్నారు. దాచుకోవడానికి చోటు లేదు. తల వంచుకునే ఉన్నాడు. రోజారాణి తన ముందున్న ఆకుల్లో మెత్తనివి ఏరి, కొన్ని అతని వైపు జరిపింది.