రేలవాగుకు పట్టిన శుభ్రత

పంచాయతీ కార్యదర్శి నాగేశ్ ఉద్యోగంలో చేరాక నేర్చుకున్న విద్య ఒక్కటే. పై నుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, దారికి రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరుతో తెల్లటి గీతలు గీయించడం. కలెక్టరొచ్చినా గీతలే, పశువుల డాక్టరొచ్చినా గీతలే. మోరీలో నీళ్లు కదలకపోయినా ఫరవాలేదు గానీ గీత వంకర పోకూడదు. ఈ ఒక్క విద్యతోనే ఆరేళ్లుగా ఒక్క మెమో కూడా తినకుండా నెట్టుకొచ్చాడు మహానుభావుడు.

కాబట్టి యూనివర్సిటీ నుంచి మనీషా మేడం రేలవాగు నీళ్లు పరీక్షించడానికి వస్తోందని ఫోను రాగానే ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. దారిన పోయేవాళ్ల కోసం దారి శుభ్రం చేస్తాం. మరి నీళ్ల కోసం వచ్చేవాళ్లకు నీళ్లే శుభ్రం చేసి పెట్టాలి కదా! ముందు రోజు పొద్దున్నే పాతిక కిలోల బ్లీచింగ్ బస్తా బండి మీద వేసుకుని, లింగాల దాటి అడవిలోకి పోయి, మొత్తం తన చేతులతోనే వాగులో కుమ్మరించాడు. అంత శ్రద్ధ తన పెళ్లి పనుల్లో కూడా చూపలేదు.

ఆ వాగు ఒడ్డునే రేలపెంట అనే చెంచుగూడెం ఉంది. చెంచులు తమ గూడేన్ని పెంట అంటారు. పద్నాలుగు ఇళ్లు. తాగడానికైనా వండుకోవడానికైనా వాళ్లకు ఆ నీళ్లే దిక్కు. ఆ నీళ్లు తాగడానికి పనికిరావనీ, ఇళ్లన్నీ లేపి అచ్చంపేట రోడ్డు పక్క కాలనీకి తరలించాలనీ ఒక ఫైలు ఏడాదిగా ఆఫీసులు తిరుగుతోంది. ఆ వాగు ఏ దిక్కున ఉందో తెలియని వాళ్లంతా దాని మీద సంతకాలు పెట్టేశారు. ఇక మిగిలింది మనీషా నివేదిక ఒక్కటే. నీళ్లు మంచివని తేలితే పెంట ఉంటుంది, లేకపోతే లేచిపోతుంది.

మనీషా గద్వాల పిల్ల. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వాగులూ కుంటలూ రెండేళ్లుగా తిరుగుతూ, నీళ్లలో పురుగులను బట్టి నీటి మంచిచెడ్డలు లెక్క కడుతోంది. వెనక జీపు లేదు, బంట్రోతు లేడు. చేతిలో ఒక వల, ఒక తెల్ల పళ్లెం. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాగులో దిగి ఒక్కో రాయీ తిప్పి చూడసాగింది. శాలువా ఎప్పుడు కప్పాలా అని నాగేశ్ ఒడ్డు మీద ఎదురుచూస్తున్నాడు. గంట గడిచేసరికి పళ్లెంలోకి చేరినవి చచ్చిన తూనీగ పిల్లలు రెండు, వెల్లకిలా పడ్డ ఎండ్రకాయ ఒకటి.

"ఒక్కటి గూడ బతికి లేదు," అంది మనీషా.

"అదే గద మేడం! ఒక్క పురుగు దొరికినా నన్నడుగుండ్రి," అన్నాడు నాగేశ్ ఛాతీ విరుచుకుని.

మనీషా ఆయన వైపు వింతగా చూసింది. "సార్, నేను లెక్కపెట్టనీకి వచ్చిందే పురుగులను. మూడు తోకల పురుగులుంటయ్, ఇసుకతోటి గూడు కట్టుకునేటియి ఉంటయ్. జర మురికైనా అవి తట్టుకోవు. అవి ఉన్నయంటే నీళ్లు మంచియన్నట్టు. ఎండకాలంల ఈడ్నే ఇరవై రెండు రకాలు దొరికినయ్. ఇయ్యాల సున్నా. సున్నా వస్తే నీళ్లు పాడైనయని రాయాలె." అంటూనే ముక్కు చిట్లించింది. "గీ వాసనేంది సార్?"

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది నాగేశ్ పని. జరిగింది చెప్పక తప్పలేదు. అయినా అంత తేలిగ్గా చేతులెత్తేసే రకమా ఆయన?

"ఎన్ని పురుగులు గావాలె మేడం? తెలకపల్లి దిక్కు కుంటలల్ల బొచ్చెడుంటయ్. రెండు బకెట్లు తెప్పిస్త!"

"అవి మురుగుల బతికేటి పురుగులు సార్. తెచ్చి పోసిన్రంటే పెంట ఇంకా జల్దీ లేస్తది." మనీషా నవ్వలేదు. "బ్లీచింగ్ పోసిన్రని కాయితం మీద రాసి సంతకం పెట్టుండ్రి. గీ లెక్క పక్కకు పెట్టి నెలైనంక మళ్లొస్త. లేకుంటే సోమవారం సున్నానే పంపుత. ఉట్టి మాట మీద లెక్క ఆపనీకి నాకు రాదు."

కాగితం! నాగేశ్ ఇన్నేళ్లలో వేల కాగితాలు రాశాడు. దేంట్లోనూ తప్పు తనది కాదు. రాస్తే మెమో, మెమో వస్తే ప్రమోషన్ గోవిందా. "చూద్దాం మేడం," అన్నాడు. ఆఫీసు భాషలో దానికి అర్థం ఏమిటో ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అప్పుడే నెత్తి మీద బిందెతో గుట్ట దిగి వచ్చింది పెంట పెద్దావిడ హన్మమ్మ. వాగు నీళ్లు నోట పెట్టుకోలేక, పైన బండ సందులో ఊట దాకా పోయి తెచ్చుకుంటోంది. బిందె దించి, రొప్పుతూనే ముందుగా నాగేశ్‌కు చెంబుడు నీళ్లు ముంచి ఇచ్చింది.

"తాగు కొడుకా, ఎండల నిలబడ్డవ్. నిన్న నువ్వు మందు పోసేటప్పుడు సూసిన. మా మంచికే పోసినవ్‌లే. నిన్నటి సంది దవాఖాన వాసనొస్తున్నయ్ గానీ, పోతది. గీ వాగు ఇడిచి ఏడికి పోతం మేము?"

తిట్టి ఉంటే నాగేశ్ దగ్గర జవాబులకు కొదవలేదు. పై నుంచి ఆర్డరనేవాడు, మీ ఆరోగ్యం కోసమేననేవాడు. తిట్టాల్సింది పోయి ఆవిడ నీళ్లిచ్చింది. ఆయనకు సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. చెంబు కింద పెట్టి, బండరాయి మీద కూర్చుని, తన చేతులతో తనే బ్లీచింగ్ పోశానని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. సంతకం వంకర పోయింది.

నెల తర్వాత మనీషా మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరికీ ముందుగా ఫోన్ చేసే పొరపాటు చేయలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పురుగులు రాళ్ల కింద మళ్లీ కాపురాలు పెట్టాయి. పంతొమ్మిది రకాలు తేలాయి. నీళ్లు మంచివని నివేదిక వెళ్లింది, తరలింపు ఫైలు అటకెక్కింది.

నాగేశ్‌కు మెమో కూడా వచ్చింది. బ్లీచింగ్ పోసినందుకు కాదు, దాన్ని పైవాళ్లు మెచ్చుకున్నారు. "పూర్తిగా శుభ్రపరచిన తాగునీటి వనరులో నెల తిరగకుండానే పంతొమ్మిది రకాల పురుగులు చేరినట్లు నివేదిక ద్వారా తెలియవచ్చినది. ఇందుకు బాధ్యులెవరో మూడు రోజులలో తెలియజేయవలెను" అని ఉంది అందులో.

నాగేశ్ దాన్ని రెండుసార్లు చదివాడు. మూడు రోజులు ఆగలేదు. అక్కడికక్కడే కలం తీసి కింద జవాబు రాశాడు: "బాధ్యుణ్ణి నేనే."