ఈదమ్మ పాట

నేను ఒక హార్మోనియాన్ని. నల్లగొండ వైపు ఒక యక్షగాన బృందం నన్ను కొత్తగా కొనుక్కుంది. ఏళ్ళ తరబడి రాజులకూ రాక్షసులకూ శ్రుతినిచ్చాను. ఊళ్ళోకి టీవీలొచ్చాక రాజులు కూలికి పోయారు, రాక్షసులు పట్నంలో వాచ్‌మన్లయ్యారు. బృందం పెద్దాయన మంచాన పడ్డప్పుడు నన్ను ఈదమ్మ చేతుల్లో పెట్టాడు.

ఈదమ్మ పత్తి చేలల్లో కూలి మనిషి. మా ఆటలు చూస్తూ చూస్తూ నా మెట్లు తనంతట తానే నేర్చుకుంది. ఆమె కొడుకు నర్సింహకు నడక వచ్చిన కొన్నాళ్ళకే కాళ్ళు వంకర తిరగసాగాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందన్నారు డాక్టర్లు. వేరే నీళ్ళు తాగించమన్నారు. అవి ఎక్కడ దొరుకుతాయో చెప్పలేదు. అప్పుడు కట్టింది ఆమె తన మొదటి పాట.

"బాయి నిండ నీళ్ళున్నయి, నోరు తడుప భయమాయె
కన్నబిడ్డ కాళ్ళు వంగె, అడిగెటోళ్ళు లేకపాయె"

ఆ పైన సారా మీద, కూలి రేట్ల మీద ఎన్నో కట్టింది. ప్రతి సభకూ పిలిచేవారు. నాయకుడు వచ్చేదాకా జనం చెదిరిపోకూడదు కదా! కారు కనబడగానే మైకు లాక్కునేవారు. నీళ్ళ పాట ఆఖరి చరణం ఏ సభా వినలేదు. విన్నది దర్జీ యాకూబ్ ఒక్కడే. సాయంత్రం మిషను ఆపి వచ్చి ఆమె గడపలో కూర్చునేవాడు.

"ఆఖరి చరణం ఇంకోపారి పాడక్కా."

"నువ్వింటే ఏమొస్తది తమ్మీ? నీళ్ళిచ్చెటోడు వినాలె."

ఎన్నికలొచ్చాయి. ఒక ప్రచారం ఆటో మా వాడలోకి వచ్చింది. బాణీ ఈదమ్మదే, గొంతు వేరే ఎవరిదో.

"ఇంటి నిండ నీళ్ళొచ్చె, నోరు తడుప హాయాయె
అన్న గెలిచినంక మనకు అడిగే పని లేకపాయె"

యాకూబ్ ఆటోకు అడ్డం పోయాడు. "ఇది మా అక్క కట్టిన పాట. బంద్ చెయ్యిరి."

"పాట గాలిది చాచా. గాలికి పట్టా ఉంటదా?" అని నవ్వి, డ్రైవరు ఆటో పోనిచ్చాడు.

అన్న గెలిచాడు. నల్లా బిగించారు, నీళ్ళు రాలేదు. నర్సింహ ఆ ఎండాకాలమే చనిపోయాడు. ఈదమ్మ వేళ్ళు కూడా కొంకర్లు పోయాయి. నా మెట్లు నొక్కలేక, మంచంలో పడుకుని ఉత్త గొంతుతో పాడుకునేది. ఒకనాడు పక్కింటి కోడలు స్వప్న గంజి తెచ్చి, పాట విని ఆగింది.

"తప్పు పాడుతున్నవత్తా. అది 'హాయాయె' అని ఉంటది."

"అట్లనా బిడ్డా," అని ఈదమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ పాడలేదు.

ఆమె పోయాక యాకూబ్ నన్ను తన కొట్టుకు తెచ్చుకున్నాడు. నా గాలితిత్తిని ఎలుకలు కొరికేశాయి. గిరాకీ లేనప్పుడు ఆయన నా ముందు కూర్చుని ఆఖరి చరణం ఎత్తుకుంటాడు. మాటలన్నీ వస్తాయి, బాణీ అందదు. రెండుసార్లు ప్రయత్నిస్తాడు. ఇంతలో ఎవరో జాకెట్టు గుడ్డ తెస్తారు. ఆయన లేచి టేపు మెడలో వేసుకుంటాడు.