గేరుబాక్సు దించిన రోజు

ఆ మెకానిక్‌కి ఎవరి దగ్గరా మొహమాటం లేదు. డాక్టరుగారి కారైనా, లాయరుగారి కారైనా, ఇది మారుస్తున్నాను, ఇష్టం లేకపోతే బండి తీసుకుపొమ్మని మొహం మీదే చెప్పేస్తాడు. ఒక్క బావగారి ముందు మాత్రం నోరు పెగలదు. అక్క మొగుడు మరి.

ఆ బావగారు ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరయ్యారు. తోటివాళ్ళంతా మోకాళ్ళ నొప్పులు చెప్పుకునే వయసులో ఆయన ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. రెండే సీట్లు, ఇంజను వెనకాల. వయసుకు తగ్గ పనేనా అని అక్క నాలుగు రోజులు సణిగింది. ఐదో రోజునుంచి ఆయనకంటే ముందే తయారై కార్లో కూర్చోవడం మొదలెట్టింది. ఆ ఇంజను పోతే మరొకటి వేయించే తాహతు వాళ్ళకి లేదు. ఇంకో కారు మాట సరేసరి.

ఆ ఇంజనులోనే ఒక మాయదారి బేరింగు ఉంది. గుప్పిట్లో పడుతుంది. కొన్ని బళ్ళలో కలకాలం తిరుగుతుంది, కొన్నిట్లో చెప్పాపెట్టకుండా పగిలిపోతుంది. పగిలిందా, ఇంజను మొత్తం తుక్కే. దాన్ని చేరాలంటే గేరుబాక్సు దించాలి. అందుకే తెలిసినవాళ్ళు క్లచ్ మార్చడానికి ఎలాగూ గేరుబాక్సు దించినప్పుడే దాని పనీ కానిచ్చేస్తారు.

ఎనిమిది నెలల కిందట బావగారి కారుకి కొత్త క్లచ్ వేశాడు. గేరుబాక్సు నేలమీద ఉంది, ఒక మూత తీస్తే బేరింగు చేతికొస్తుంది. ఇంకొకరిదైతే పీకి పారేసేవాడే. ఇక్కడేమో, లేని పని కల్పిస్తున్నాడని బావగారు ఎక్కడ అనుకుంటారోనని నసిగాడు.

"ఈ బేరింగు కూడా మారుద్దామంటారా బావా?"

"పాడైందా?"

"లేదులెండి. ఇప్పటికి బాగానే ఉంది."

"అయితే ఉండనీరా."

ఉండనిచ్చాడు. అబద్ధం ఆడలేదు. నిజంలో సగం మింగేశాడు, అంతే.

ఈరోజు పొద్దున ఆయిల్ మార్చమని కారు తెచ్చారు. పాత ఆయిల్ ఫిల్టరు కోసి, లోపల లోహపు రజను ఉందేమో చూడందే ఏ బండినీ గేటు దాటించడు, అది అతని పద్ధతి. కానీ అక్క సీట్లో కూర్చుని, ఎండెక్కకముందే కొండమీదికి వెళ్ళాలని ఒకటే తొందర. మనవాళ్ళేగా అనుకుని తాళాలిచ్చేశాడు.

వాళ్ళు వెళ్ళిన గంటకి తీరిగ్గా ఫిల్టరు కోశాడు. లోపలి కాగితం విప్పుతుంటే ప్రతి మడతలోనూ సన్నటి మెరుపు. నమ్మబుద్ధి కాక అయస్కాంతం దగ్గర పెట్టాడు. మెరుపంతా లేచి దానికి అతుక్కుంది. ఉక్కు. బేరింగు లోపల అరిగిపోతోంది. గబగబా బావగారికి ఫోను చేశాడు.

ఫోను అక్క ఎత్తింది. బావని వెంటనే బండి పక్కకి తీసి ఇంజను ఆపమన్నాడు. ఏమైందని పక్కనుంచి ఆయన గొంతు వినబడింది. అంతెత్తు కొండమీద ఉన్నవాళ్ళని హడలగొట్టడం ఎందుకులే అనుకున్నాడు.

"ఏం లేదు, చిన్న అనుమానం. అక్కడే ఉండండి, నేనొస్తున్నా" అన్నాడు.

చూశారా, అప్పుడు కూడా! ఇంజను మళ్ళీ ముట్టుకోవద్దని ఒక్క ముక్క అనడానికి ఏం అడ్డొచ్చిందో అతనికే తెలియాలి.

బండిని మోసుకొచ్చే లారీ వేసుకుని బయల్దేరాడు. దారంతా, ఇంజను ఆగే ఉంది కదా, ఇంకేం కాదు కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆఖరి మలుపు తిరగ్గానే రోడ్డుమీద నల్లటి చార కనబడింది. ఆయిలు. ఎండలో మొదలై చెట్టునీడ దాకా పోయింది. ఆ చివర కారు ఉంది. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

అక్కే చెప్పింది. ఎండకి తనకి కళ్ళు తిరుగుతున్నాయంటే, చిన్న అనుమానమే కదా అని ఆయన స్టార్టు చేసి పదడుగులు ముందుకు తీశారట. లోపలేదో ఫెళ్ళున విరిగిందట.

బావగారు పిట్టగోడ మీద కూర్చుని ఉన్నారు. కోపం లేదు. అది చూసే అతనికి భయమేసింది.

"ఆరోజు నువ్వడిగిన బేరింగేనా?"

"అవును బావా."

"అది పోతే ఇంజను పోతుందని అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంరా? నువ్వు మార్చాలంటే నేను కాదంటానా?"

"మీరేమన్నా అనుకుంటారేమోనని..."

బావగారు కారు వైపు చెయ్యి చూపించారు.

"మరి ఇప్పుడేమనుకోమంటావు?"