బొట్టు పెట్టిన డ్రమ్ము

నేను ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్మును. రంగుల కంపెనీకి యాసిడ్ మోయడానికి పుట్టాను. పాత సామాన్ల కొట్లో పడి ఉంటే, నీళ్ళకు కటకటలాడే ఒక మెట్ట ఊరి కోడలు నాగరత్నం కొనుక్కుపోయింది. నాలో కంకర, బొగ్గు, ఇసుక వరసగా పోసి స్నానాలగది పక్కన నిలబెట్టింది. సబ్బునీళ్ళు నాలోంచి దిగి, కింది గొట్టం గుండా అరటి పాదులకు వెళ్ళేవి.

"ఈ నీళ్ళు అరటికే మామా. పచ్చిగా తినేవాటికి పెట్టబాకండి" అని మామగారు పరంధామయ్యకు చెప్పింది. ఆయనకు చెప్పడమే గాని వినడం అలవాటు లేదు.

పెద్దమనిషికి శుభ్రం తెలియదు, మైల మాత్రం బాగా తెలుసు. చావుకు వెళ్ళొచ్చి తలమీద పోసుకున్న నీళ్ళు నాలోకి రాకుండా స్నానాలగది గొట్టం ఊడదీసి వీధిలోకి వదిలాడు. అవి నిక్షేపంలాంటి నీళ్ళు. పదకొండు నెలల మనవడి పియ్యిగుడ్డలు ఉతికిన నీళ్ళను మాత్రం తనే బకెట్టుతో మోసుకొచ్చి నాలో పోశాడు.

"పసిబిడ్డది మైలేంది? నా మనవడిది పాలంత సుద్ధం!"

పైగా నా కింది గొట్టాన్ని అరటి పాదుల నుంచి కొత్తిమీర మడికి తిప్పాడు. నా ఇసుక సబ్బు మురికిని ఆపుతుంది గాని రోగాన్ని ఆపదు. ఇంత చిన్న ముక్క ఆ తలపాగా కింది తలకు ఎక్కలేదు.

వారం తిరక్కుండా ఇంటిల్లిపాదికీ విరేచనాలు. తాత వేలికి అంటిన కొత్తిమీర పచ్చడి నాకిన పిల్లవాడు కళ్ళు తేలేశాడు. మూడు రోజులు సెలైను ఎక్కిస్తే బతికాడు.

డ్రమ్ముకు దోషం తగిలిందని పరంధామయ్య తేల్చాడు. నన్ను ఖాళీ చేసి, పసుపునీళ్ళతో కడిగి, కుంకుమ బొట్టు పెట్టాడు. మనవడి మొదటి పుట్టినరోజుకు తాగేనీళ్ళు నింపి పందిట్లో నిలబెట్టాడు. ఛీ! యాసిడ్ మోసిన కడుపు, పియ్యినీళ్ళు మోసిన కడుపు ఒక్క బొట్టుతో పవిత్రమైపోయిందట.

చుట్టాలు గ్లాసులతో రాబోతుంటే నాగరత్నం గునపం పట్టుకొచ్చింది.

"ఏందమ్మా ఈ పని? పసుపేసి కడిగాను గదా!"

"పసుపుతో పోయేదైతే, ఆస్పత్రోళ్ళు సెలైను బదులు పసుపే ఎక్కించేవాళ్ళు గదా మామా" అని నా పొట్టలో ఒక్క పోటు పొడిచింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. నాకు నొప్పి అనిపించలేదు. ఆ ఇంట్లో ఒక్క మనిషినైనా చూశానని సంతోషం వేసింది.

మళ్ళీ అదే కొట్లో, పొట్ట చీలి పడి ఉన్నాను. బొట్టు ఇంకా చెరగలేదు. నిన్న బేరానికొచ్చిన ఒకాయన అది చూసి, చెప్పులు విడిచి నాకు దణ్ణం పెట్టుకుని పోయాడు.